పంట కాలువ మీది చెక్క వంతెన వానాకాలంలో జారకుండా

కోనసీమలో కాలువ అవతల ఇల్లున్నవాళ్లు బయట అడుగు పెట్టాలంటే చాలాచోట్ల చెక్క వంతెనే దారి. బడి పిల్లలూ, నెత్తిన గడ్డిమోపుతో వచ్చే ఆడవాళ్లూ చెప్పుల్లేని కాళ్లతో ఆ తడి పలకల మీదే నడవాలి. అందుకే మా వీధి వంతెన పని నేను ఎవరికీ వదలను. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే పని మొదలుపెట్టండి. ధవళేశ్వరం నుంచి నీళ్లు వదిలాక కిందికి దిగి చూడటం కుదరదు.

ముందు దూలాల సంగతి. చివరలు మట్టిలో కూరుకున్న చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మొన సులువుగా దిగితే, పైకి ఎంత బాగా కనిపించినా ఆ దూలం మార్చాల్సిందే. కొత్తది మట్టికి తగలకుండా సిమెంటు దిమ్మ మీద ఆనించాలి. తాటి పలకలు వేస్తుంటే ఒక మాట: తాటికి చేవ చెట్టు బయటివైపు ఉంటుంది, లోపలిది మెత్తన. చేవ ఉన్న ముఖమే పైకి రావాలి.

జారేది ముఖ్యంగా పాచి వల్ల. నీడా తేమా ఉన్నచోట అది పెరుగుతుంది కనుక, పలక గరుకుగా ఉండటం కన్నా త్వరగా ఆరడం ముఖ్యం. పలకలను నడకకు అడ్డంగా, మధ్యలో ఒక సెంటీమీటరు సందు వదిలి కొట్టాలి. సందుల్లో చేరిన ఆకులూ బురదా పాత రంపపు బ్లేడుతో గీకెయ్యండి. వంతెన మీదికి వాలిన కొమ్మలు కొట్టేసి ఎండ తగలనివ్వండి.

పాచి పోవడానికి గట్టి పీచు బ్రష్షు, నీళ్లు చాలు. బ్లీచింగ్ పౌడరు వద్దు. కాలువలో చేపలకు హాని, మేకులకు తుప్పు. చెదలు పట్టవని వాడేసిన ఇంజన్ ఆయిలు పూస్తారు కొందరు. నడిచే పలక మీద అది పాచి కన్నా ప్రమాదం.

ఇక గరుకు. కోళ్ల గూళ్లకు వాడే జింకు పూత ఇనుప వల బిగుతుగా పరిచి, అంచులు పలక కిందికి మడిచి, 'యు' మేకులు కొట్టాలి. తర్వాత దళసరి గుడ్డ చుట్టిన చేత్తో వలంతా నిమరండి. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ మొన లేచినట్టే, అది రేపు ఎవరి పాదంలోనో దిగుతుంది. దాన్ని వెంటనే కత్తిరించి, పక్కన ఇంకో మేకు కొట్టండి. వానాకాలంలో నెలకోసారైనా ఇలా చూడాలి. వల దొరక్కపోతే ఆరిన పలకకు పెయింటు వేసి, తడిగా ఉండగానే జల్లించిన గరుకు ఇసుక చల్లి, ఆరాక మళ్లీ పూత వేయండి. సముద్రపు ఇసుక మాత్రం వాడొద్దు, అందులోని ఉప్పు తేమను లాగుతుంది.

నడుమెత్తున రెండు వైపులా వెదురు చేతిపట్టు ఉండాలి. వెదురుకు నేరుగా మేకు కొడితే చీలుతుంది, తీగతో కట్టండి. రెండు గట్ల మీదా నాలుగడుగుల మేర కంకర పోయించండి. కాళ్ల బురద చాలావరకు అక్కడే రాలిపోతుంది.