అక్షరం గీద్దాం – 5వ పాఠం: లావు సెరిఫ్‌లో తెలుపును కాపాడుకోవడం

గత పాఠంలో ఇంగ్లిష్ చిన్న ఎన్, చిన్న ఓ మామూలు మందంతో గీశాం. చట్రం (అక్షరం గీసే గడి మొత్తం ఎత్తు) 1000 యూనిట్లు, చిన్నక్షరం ఎత్తు 500, నిలువు గీత మందం 90. ఆ కాగితాలు పక్కన పెట్టుకోండి. ఈసారి వాటినే పెద్ద శీర్షికలకు పనికొచ్చే లావు సెరిఫ్ అక్షరాలుగా మారుద్దాం.

సెరిఫ్ అంటే గీత చివర ఉండే చిన్న అడ్డపట్టీ అని మొదటి పాఠంలో చెప్పుకున్నాం. దాన్ని మన తలకట్టుతో పోల్చకండి. తలకట్టు తీసేస్తే అక్షరం పలికే తీరే మారిపోతుంది. సెరిఫ్ తీసేసినా ఎన్ ఎన్‌గానే ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో అక్షరం అంచు చుట్టూ గీత పెంచితే లావైపోతుంది కదా అని చాలామందికి అనిపిస్తుంది. నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే చేశాను. తెర మీద బాగానే కనిపించింది. అచ్చయి వచ్చాక చూస్తే ఇంగ్లిష్ చిన్న ఈలో కన్ను, అంటే లోపల మూసుకున్న ఖాళీ, పూడుకుపోయింది, చిన్న ఏ నల్లటి ముద్దయింది. కారణం చిన్న లెక్కలో ఉంది. ఏ, ఈ రెండింటిలోనూ పైనొకటి, మధ్యలో ఒకటి, కిందొకటి, మొత్తం మూడు అడ్డ గీతలు. ఒక్కోటి 190 యూనిట్లు చేస్తే 570 అవుతుంది. మన అక్షరం ఎత్తే 500! ఇక తెలుపుకు చోటెక్కడ?

అందుకే లావంతా నిలువు గీతలకే ఇవ్వాలి. అడ్డ గీతలు 25 యూనిట్ల దగ్గరే సన్నగా ఉండిపోవాలి. ఈ తేడానే కాంట్రాస్ట్ అంటారు. 18వ శతాబ్దం చివర్లో అచ్చు అక్షరాలు గీసిన ఇటలీలోని బొడోని, ఫ్రాన్స్‌లోని దిదో కుటుంబం ఈ తేడాను బాగా పదును పెట్టారు. తర్వాత 19వ శతాబ్దం మొదట్లో లండన్ అచ్చు అక్షరాల తయారీదారులు నిలువు గీతను ఇంకా, ఇంకా లావు చేశారు. వాటికి ఫ్యాట్ ఫేస్ అని పేరు. ఈ మార్పు తెచ్చింది రాబర్ట్ థోర్న్ అని సాధారణంగా చెబుతారు. గోడ మీద పక్కపక్కనే అంటించిన ప్రకటనల్లో దూరం నుంచే కన్ను లాగాలన్నది వాటి పని. పుస్తకం చదివించడం కోసం పుట్టినవి కావవి. ఆ సంగతి గుర్తుంటే వీటిని ఎక్కడ వాడాలో సగం తెలిసినట్టే.

ఇప్పుడు పెన్సిల్ పట్టండి.

ముందు ఎన్. నిలువు గీతలు రెండూ 190. పాత ఎన్‌లో లోపలి ఖాళీ 260 ఉంది. దాన్ని అలాగే ఉంచితే అక్షరం చాపలా పరుచుకుంటుంది, కాబట్టి 190కి తగ్గించండి. సెరిఫ్‌లు కాకుండా మొత్తం వెడల్పు 570 వస్తుంది. పై వంపు ఎడమ గీతను కలిసే చోట జాగ్రత్త. అక్కడ రెండు గీతల నలుపు ఒకేచోట పోగుపడుతుంది. వంపును అక్కడ బాగా సన్నం చేసి కలపండి. లావు అక్షరం గీసేవాళ్ల చెయ్యి ఎంత పండిందో నేను మొదట ఆ కీలులోనే చూస్తాను.

తర్వాత ఓ. పక్కల లావు 190 పెడితే ఎన్ కంటే పీలగా కనిపిస్తుంది, ఎందుకంటే వంపులో ఆ మందం ఒక్క చోటే ఉంటుంది. 205 చేయండి. పైనా కిందా ఎన్ ఎత్తు హద్దును 12 యూనిట్లు దాటనివ్వండి, లేకపోతే ఓ పొట్టిగా అనిపిస్తుంది. కొలబద్ద కంటే కన్ను చెప్పిందే నిజం.

సెరిఫ్‌లు సన్నటి పట్టీలుగా ఉంచండి. ఇదొక్కటే దారి కాదు. 1922లో వచ్చిన కూపర్ బ్లాక్ అనే ఫాంట్ చూడండి. అందులో సెరిఫ్‌లు గుండ్రంగా, మొద్దుగా ఉంటాయి, కాంట్రాస్ట్ తక్కువ. అది మెత్తగా పలకరిస్తుంది. 1928 నాటి అల్ట్రా బొడోని నిటారుగా నిలబడి గట్టిగా చెబుతుంది. రెండూ లావే, గొంతులే వేరు.

వాడకం గురించి ఒక లెక్క చాలు. 25 యూనిట్ల గీత 72 పాయింట్ల సైజులో 1.8 పాయింట్లు ఉంటుంది. అదే 12 పాయింట్లలో 0.3 మాత్రమే. ఆ సైజులో సన్న గీతలు మాయమై, విడివిడి నల్ల కడ్డీలు మిగులుతాయి. నల్లటి నేల మీద తెల్ల అక్షరాలు అచ్చేస్తే ఇంకా టెన్షన్. చుట్టూ ఉన్న ఇంకు పాకి సన్న గీతను మింగేస్తుంది. కాబట్టి పుస్తకం అట్ట, పోస్టర్, పత్రిక పేరు, పెద్ద అంకెలు, ఇవీ దీని చోట్లు. రెండు మూడు మాటలుంటే అద్భుతంగా ఉంటుంది. పేరా మొత్తం ఇందులో పెట్టకండి. కింద వచ్చే మాటలకు కాంట్రాస్ట్ తక్కువున్న మామూలు మందం ఫాంట్ ఎంచుకోండి. అక్షరాల మధ్య, వరుసల మధ్య ఎడం కూడా చదివే పేరాలో కంటే తగ్గించాలి.

ఈ వారం అభ్యాసం: ఎన్, ఓ, ఓ, ఎన్ అని నాలుగు అక్షరాలు వరుసగా గీసి నలుపు నింపండి. కాగితాన్ని తలకిందులు చేసి, కళ్లు సగం మూసి చూడండి. అక్షరాల లోపలి తెలుపు, మధ్యనున్న తెలుపు ఒకే తూకంలో కనిపించాలి. ఎక్కడైనా నల్ల మచ్చ తేలితే ముందు కీలు సన్నం చేయండి, అప్పటికీ పోకపోతే ఎడం పెంచండి. 6వ పాఠంలో ఏ, ఈతో పాటు మధ్యలో ఒరిగిన గీత ఒక్కటే లావెక్కే ఎస్ కూడా గీద్దాం.