ఇత్తడి ఎక్స్‌కవేటర్ నమూనాపై రంగు పొక్కులు లేవడం: సమస్య - పరిష్కారం

ఇత్తడి రేకులను సోల్డరింగ్‌తో అతికి కట్టిన 1:50 స్కేలు ఎక్స్‌కవేటర్ నమూనాకు ప్రైమర్, ఆపైన పసుపు రంగు వేసి అద్దాల పెట్టెలో పెట్టిన తరువాత రెండు మూడు వారాలు ఏ లోపమూ కనిపించదు. ఆ తరువాత బూమ్ (ఎక్స్‌కవేటర్ ముందుండే పొడవాటి చేయి) అంచు వెంబడి ఆవగింజంత పొక్కులు లేస్తాయి. గోటితో గీరితే రంగు, ప్రైమర్ రెండూ కలిసి పెచ్చుగా ఊడివస్తాయి. ఆ కింద తెల్లని పొడి గానీ పచ్చని చిలుము గానీ ఉంటుంది. ఈ దశలో దాదాపు అందరూ రంగును అనుమానించి, కొత్త ప్రైమర్ కొని, పాత పూతను గీకి మళ్లీ వేస్తారు. నెల తిరగకుండానే అదే చోట అదే పొక్కు వస్తుంది.

రంగును తాకే ముందు చూడవలసినది ఒక్కటే: పొక్కు రేకు మధ్యలో లేచిందా, అతుకు వెంబడి లేచిందా? దీనికి అర నిమిషం కూడా పట్టదు, కానీ నా దగ్గరకు బాగుకోసం వచ్చిన నమూనాలలో ఈ పరిశీలన జరిగినవి చాలా తక్కువ. పొక్కు ఉన్న చోటును గుర్తు పెట్టుకోకుండానే పూతను గీకివేస్తే, కారణాన్ని చెప్పగల ఒకే ఒక ఆధారం పోతుంది. కనుక గీకే ముందు ఫోటో తీసుకోండి.

రేకు మధ్యలో, అతుకులకు దూరంగా రంగు ఊడితే అది వేలిముద్రల జిడ్డు, లేదా మరీ నున్నగా ఉన్న ఇత్తడి. 600 నంబరు ఎమెరీ కాగితంతో తేలికగా రుద్ది, సబ్బునీటితో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆపైన చేతి తొడుగులతోనే పట్టుకుని, లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే ఎచ్ ప్రైమర్ వేస్తే సరిపోతుంది.

పొక్కు అతుకు వెంబడి లేస్తే కారణం లోపల చిక్కుకుపోయిన ఫ్లక్స్, అంటే సోల్డర్ బాగా అంటుకోవడానికి అతుకుకు పూసే రసాయనం. "నేను శుభ్రంగా కడిగాను కదా" అనే సమాధానమే ఎక్కువగా వినిపిస్తుంది. కడిగి ఉంటారు, కానీ బయటివైపు మాత్రమే. 20 టన్నుల తరగతి ఎక్స్‌కవేటర్‌కు సాధారణంగా ఉండే 5.7 మీటర్ల బూమ్ ఈ స్కేలులో 11.4 సెంటీమీటర్ల గుల్ల పెట్టె అవుతుంది. రెండు పక్క రేకులకు కింది రేకును, చివరగా పై రేకును అతికినప్పుడు ఫ్లక్స్ సన్నని సందుల గుండా లోపలికి పాకుతుంది. వేడికి లోపలి గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. చల్లారేటప్పుడు మిగిలిన గాలి సంకోచించి, సోల్డర్ పూర్తిగా నిండని ప్రతి సూదిబెజ్జం గుండా ఫ్లక్స్‌ను లోపలికి పీల్చుకుంటుంది. వేడిగా ఉన్న బూమ్‌ను అలాగే నీటిలో ముంచితే ఆ పీల్పు ఇంకా బలంగా ఉంటుంది. కడగడం కోసం చేసిన పనే ఫ్లక్స్ కలిసిన నీటిని పెట్టెలో నింపుతుందన్నమాట.

జింక్ క్లోరైడ్ ఉన్న ఫ్లక్స్ గాలిలోని తేమను లాక్కుని తానే ద్రవమవుతుంది, ఆ ద్రవం ఆమ్లగుణం కలది. ఏ రంగు పూతా నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు కనుక, అతుకు సందులో మిగిలిన కాస్త ఫ్లక్స్ ఆ తేమను తీసుకుని ఇత్తడిని నెమ్మదిగా తింటుంది. ఏర్పడిన లవణాలు పూతను కిందినుంచి ఎత్తుతాయి. గది వేడెక్కిన రోజున బూమ్ లోపలి గాలి వ్యాకోచించి మరికొంత ద్రవాన్ని సందులోకి నెడుతుంది. వారాల ఆలస్యానికి కారణం ఇదే.

ఇది నేను స్వయంగా దెబ్బతిని నేర్చుకున్న విషయం. ఒక వీల్ లోడర్ చేతుల మీద రంగును మూడుసార్లు వేశాను; ప్రైమర్ మార్చాను, కంప్రెసర్‌కు కొత్త తేమ వడపోత బిగించాను, రంగు ఆరే సమయాన్ని రెట్టింపు చేశాను. మూడోసారి కూడా పొక్కు అదే అతుకు మీద, అదే అర సెంటీమీటరు పొడవున లేచినప్పుడు కింది రేకులో 1 మిల్లీమీటరు రంధ్రం వేశాను. లోపలి నుంచి పచ్చని నీటిబొట్టు జారింది. అప్పటినుంచి, ఒకే చోట రెండోసారి పొక్కు లేచిన నమూనాలో పూతను అనుమానించడం మానేశాను.

నిర్ధారించుకోవడానికి పూత తీసిన అతుకుపై ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేసి, రెండు నిమిషాల తరువాత లిట్మస్ కాగితం ఆనించండి. నీలి కాగితం ఎర్రబడితే ఇక అనుమానం అక్కరలేదు. రంగు మారకపోతే హెయిర్ డ్రయ్యర్‌తో బూమ్‌ను వేడిచేసి, అతుకు వెంబడి తెల్లని టిష్యూ కాగితం అదిమి చూడండి. లోపలి ద్రవం ఉంటే మరక పడుతుంది.

బాగుచేయడానికి ముందుగా పూత అంతా తీయాలి. అసిటోన్ వాడితే సూపర్ గ్లూ అతుకులు కూడా వదులవుతాయి కనుక అలా అంటించిన భాగాలను ముందే విడదీయండి. బూమ్ కింది రేకులో, రెండు కొసలలో, బయటికి కనిపించని చోట 1 మిల్లీమీటరు రంధ్రాలు ఒక్కొక్కటి వేయండి. ఒక్క రంధ్రం చాలదు, నీరు లోపలికి వెళ్లాలంటే గాలి బయటికి పోవాలి. సిరంజితో గోరువెచ్చని నీటిని ఒకవైపు నుంచి ఎక్కించి, రెండోవైపు తేటగా వచ్చేవరకు కడగండి. తరువాత వంటసోడా కలిపిన నీరు, ఆ తరువాత డిస్టిల్డ్ వాటర్. సోడా మిగిలినా రంగుకు చెరుపే కాబట్టి ఈ చివరి కడుగులో పిసినారితనం వద్దు. రోజిన్ ఫ్లక్స్ వాడి ఉంటే అది నీటికి కరగదు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఎక్కించాలి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్‌ను మాత్రం ఎన్నడూ వాడవద్దు. వంచిన ఇత్తడి రేకులో ఒత్తిడి నిలిచి ఉంటుంది, అమ్మోనియా తగిలితే అక్కడ పగుళ్లు వస్తాయి. బాగా ఆరబెట్టి, టిష్యూ పరీక్ష మళ్లీ చేసి, మరక లేనప్పుడే ప్రైమర్ వేయండి. తెల్లలోహపు (తక్కువ వేడికే కరిగే మెత్తని మిశ్రమలోహపు) భాగాలను 70 డిగ్రీలకే కరిగే సోల్డర్‌తో అతికి ఉంటే ఆరబెట్టే వేడిని 50 డిగ్రీలు దాటనీయకండి.

ఆ రంధ్రాలను మూయనవసరం లేదు, అవి కింద కనబడవు. కొత్త నమూనా కట్టేటప్పుడు పై రేకు అతకకముందే ఆ రెండు రంధ్రాలు వేసుకుని, ప్రతి పూట పని ముగియగానే, లోహం చల్లారిన తరువాత కడిగితే ఈ తంటా అంతా తప్పుతుంది.

మిగిలిన కారణాలు అరుదు. కంప్రెసర్ నీరు చిమ్మితే పొక్కులు అతుకును పట్టించుకోకుండా అంతటా చెదురుగా ఉంటాయి. సిలికాన్ జిడ్డు తగిలితే రంగు వేస్తుండగానే గుంటలు పడతాయి, వారాలు ఆగదు. పోత పోసిన జింక్ మిశ్రమపు పాత నమూనాలో లోహమే ఉబ్బి, నెర్రెలిచ్చి, పొడిగా రాలుతుంటే అది పోతలో కలిసిన సీసం, తగరం వంటి మలినాల వల్ల వచ్చిన జింక్ తెగులు. దానికి ఏ పూతా పనిచేయదు, ఆ భాగాన్ని కొత్తగా చేసుకోవలసిందే.