వర్షాకాలంలో యూనివర్సిటీ మెస్‌లో ఇంటర్న్‌షిప్: చేరే ముందు చూసుకోవాల్సినవి

హైదరాబాద్‌లో హోటల్ మేనేజ్‌మెంట్, న్యూట్రిషన్, ఫుడ్ టెక్నాలజీ చదివేవాళ్లలో చాలామందికి ఇంటర్న్‌షిప్ జూన్, జూలైల్లో పడుతుంది. సరిగ్గా అప్పుడే వానలు మొదలవుతాయి, సెలవులకు ఊళ్లకెళ్లిన హాస్టల్ పిల్లలు తిరిగొస్తారు, వేసవంతా మూతపడ్డ వంటశాలల తలుపులు తెరుచుకుంటాయి. స్టార్ హోటల్ దొరక్క మెస్‌కు వెళ్లాల్సొచ్చిందని కొందరు మొహం చిన్నబుచ్చుకుంటారు గానీ, పూటకు వందల మందికి వండే చోట నేర్చుకునేది తక్కువేమీ కాదు. ప్రమాదం కూడా తక్కువ కాదు. హోటల్లో ఒక ప్లేటు తేడా వస్తే గొడవ ఒక టేబుల్‌తో పోతుంది. ఇక్కడ ఒక డేగిసా తేడా వస్తే హాస్టల్ బ్లాకు మొత్తం మంచం ఎక్కుతుంది.

చేరడానికి కనీసం రెండు వారాల ముందే టైఫాయిడ్ టీకా వేయించుకోండి. టీకా పని చేయడానికి అంత సమయం పడుతుంది. వండేవాళ్లకీ వడ్డించేవాళ్లకీ ఏడాదికోసారి వైద్య పరీక్ష జరగాలని, టైఫాయిడ్ తరహా జ్వరాలకు టీకా ఉండాలని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు చెబుతున్నాయి. ఇంటర్న్ కదా అని ఎవరూ అడక్కపోవచ్చు. అడక్కపోయినా ఆ కాగితం ఫైల్లో పెట్టుకోండి. ఆఫర్ లెటర్‌లో పని గంటలు, వారపు సెలవు, పనిలో కాలినా తెగినా వైద్యం ఖర్చు ఎవరిది అన్న మూడూ ఉన్నాయో లేదో చూడండి. నోటిమాటగా చెప్పారంటే మెయిల్‌లో రాసి పంపమని మర్యాదగా అడగండి.

బట్టల సంగతి. పాలిస్టర్ ప్యాంటు వద్దు, నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది. కాటన్ వేసుకోండి. బూట్లు ముందు మూసి ఉండాలి, అడుగున పట్టు ఉండాలి. వానాకాలం మెస్ నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పైగా దాని మీద నూనె. ఉంగరాలు, గాజులు, వాచీ ఇంట్లోనే. బోనాలప్పుడు గుళ్లో కట్టిన దారం తీయడానికి మనసొప్పకపోతే మెళ్లో వేసుకోండి, మణికట్టుకు మాత్రం వద్దు. తడిసిన దారంలో చేరిన మురికి సబ్బుకు పోదు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి బండి మీద వచ్చేవాళ్లు సంచీలో ఒక జత పొడి బట్టలు, సాక్సులు పెట్టుకోవాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక అసలు విషయం అన్నం. మెస్‌లో జాగ్రత్త అనగానే అందరూ చికెన్ గురించే మాట్లాడతారు. నా లెక్కలో వానాకాలంలో మొదట భయపడాల్సింది మిగిలిన అన్నానికి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు సహజంగానే ఉంటాయి. అన్నం ఉడికినా అవి చావవు. వండిన అన్నం 60 డిగ్రీల కంటే చల్లబడి, ఫ్రిజ్ చలికి చేరకుండా మధ్యలో ఎంతసేపు ఉంటే అవి అంతగా మొలకెత్తి పెరుగుతాయి. పెరిగేటప్పుడు కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. ఆ విషం వేడికి లొంగదు. పొద్దున్నే నిమ్మరసం, ఇంగువ, పల్లీలు వేసి ఘాటుగా పోపు పెట్టి పులిహోర కలిపినా అది అందులోనే ఉంటుంది. వాసన తేడా ఉండదు, రుచి తేడా ఉండదు. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులు మొదలవుతాయి.

ఒకసారి మీరే చూడండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు దించిన పెద్ద డేగిసాలో సగం మిగిలిందనుకోండి. మూత పెట్టి గోడ వారగా జరుపుతారు. సాయంత్రం ఏడింటికి పైన పొర చల్లగా, కాస్త గట్టిపడి ఉంటుంది. గరిటె అడుగుదాకా దించి మధ్యలోంచి తీస్తే ఇంకా గోరువెచ్చగా ఆవిరి వస్తుంది. "ఇంకా వేడిగానే ఉంది కదా" అంటారు. ఆ గోరువెచ్చదనమే ఆ క్రిములకు కావాల్సింది. మిగిలిన అన్నం వాడాలంటే వడ్డన అయిన వెంటనే వెడల్పాటి ట్రేల్లో రెండు అంగుళాల మందాన పరిచి, రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆ తర్వాత నాలుగు గంటల్లోపు 5 డిగ్రీలకు దించాలి. ఆ వసతి లేని మెస్‌లో అన్నం మిగలకుండా విడతలు విడతలుగా వండటమే దారి. రాత్రి వడ్డన చివరి అరగంటలో ఎంతమంది వస్తారో లెక్క రాసి వంట మాస్టర్‌కు ఇవ్వడం ఇంటర్న్ చేయగలిగిన పనే.

ఆ లెక్కతోపాటు మీ చేతికి వచ్చే ఇంకో పని టెంపరేచర్ రిజిస్టర్. పాత పేజీలు తిరగేయండి. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో, పూటపూటకూ 65, 65, 65 అని ఉంటే అక్కడ థర్మామీటర్ డబ్బాలోంచి బయటికే రాలేదని అర్థం. మిమ్మల్ని కూడా అలాగే నింపమంటారు. కొలవని అంకె రాయకండి. కొలవలేకపోయిన పూట ఖాళీ వదిలి పక్కన కారణం రాయండి. రేపు ఏదైనా జరిగితే ఆ పేజీ మీద ఉండేది మీ సంతకం. కొలిచేటప్పుడు థర్మామీటర్ మొన గిన్నెకు తగలకుండా పదార్థం మధ్యలోకి వెళ్లాలి. వడ్డనలో ఉన్న వేడి పదార్థం 60 డిగ్రీలకు తగ్గకూడదు, చికెన్ లోపల 75 చేరాలి. మొనను ప్రతిసారీ తుడిచి శుభ్రం చేయాలి, లేకపోతే చికెన్‌లోది పెరుగులోకి మీరే మోసుకెళ్తారు.

చికెన్ గురించి అందరూ చెప్పేదే: పచ్చిదానికి కత్తి, చెక్క వేరు, కూరగాయలకు వేరు. కడిగేటప్పుడు నీళ్లు చిందే దూరంలో కొత్తిమీర, సలాడ్ ఉండకూడదు. కోడిగుడ్ల సంగతికొస్తే, మోమోలు తిని కొందరు జబ్బుపడ్డాక పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. ఏడాది గడిచింది కదా అని మెస్‌లో దాన్ని మళ్లీ మొదలుపెట్టాల్సిన అవసరం నాకైతే కనిపించదు.

నీళ్లు కూడా చూసుకోవాలి. నగరానికి మంజీర, కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నా, చాలా క్యాంపస్‌లలో అవి ముందు సంపులో పడి, తర్వాత పైట్యాంకు ఎక్కుతాయి. కొన్నిచోట్ల ట్యాంకర్ నీళ్లూ అందులోనే కలుస్తాయి. సంపు మూత పగిలి ఉంటే వాన నీటితోపాటు ముంగిట్లోని మురికీ అందులోకి దిగుతుంది. హాస్టల్ తెరిచే ముందు సంపు, ట్యాంకు కడిగిన తేదీ గోడ మీద రాసి ఉందేమో చూడండి. కుళాయి దగ్గర క్లోరిన్ కిట్‌తో పరీక్షిస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా కనిపించాలి. వానాకాలం పాలకూర, తోటకూర కట్టల్లో మట్టి ఎక్కువ. కట్ట విప్పకుండా నీళ్లలో ముంచి తీస్తే లాభం లేదు. విప్పి, నీళ్లు మూడుసార్లు మార్చి కడగాలి. ఈ పని తొందరలో ఉన్న మాస్టర్ చేయడు, మీకే అప్పగిస్తాడు. విసుక్కోకండి.

కరెంటు పోయిందా? ఫ్రీజర్ తలుపు తెరవకండి. నిండుగా ఉన్నది మూసే ఉంచితే దాదాపు రెండు రోజులు చల్లదనం నిలుపుతుంది, సగం నిండినది ఒక రోజు. మామూలు ఫ్రిజ్‌కు నాలుగు గంటలే. ఐస్‌క్రీం కరిగిందేమోనని పది నిమిషాలకోసారి తెరిచి చూసేవాళ్లు ప్రతి మెస్‌లో ఒకరుంటారు. వాళ్లని ఎలా ఆపాలో మీ తెలివి.

కాలిన గాయాలు చాలావరకు పొయ్యి దగ్గర కంటే మోసేటప్పుడే అవుతాయి. సాంబారు గుండిగను ఇద్దరు పట్టుకుని తడి నేల మీద నడుస్తుంటే మూడోవాడు ముందు నడుస్తూ "సైడ్, సైడ్, వేడి" అని అరవాలి. సిగ్గుపడి మౌనంగా మోయకండి. చెయ్యి కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ల కింద పెట్టండి. ఐసు, టూత్‌పేస్టు, కాఫీ పొడి ఏదీ వద్దు. మొదటి రోజే ఫస్ట్ ఎయిడ్ డబ్బా తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి, తాళం వేసిన డబ్బాలు నేను చాలానే చూశాను.

కడాయిలో నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఎగసి కప్పు అంటుకుంటుంది. గ్యాస్ కట్టేసి మూత వేయాలి. వానలో తడిసిన చిల్లు గరిటెను తుడవకుండా కాగిన నూనెలో పెట్టడం వల్ల మొహం మీద నూనె చిట్లిన సందర్భాలు ఎన్నో. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయొద్దు, ఆపొద్దు కూడా. వంటగ్యాస్ గాలికన్నా బరువు కాబట్టి నేల దగ్గర, డ్రైనేజీ గుంటల్లో పేరుకుంటుంది. వాల్వు కట్టేసి, తలుపులు తీసి, అందరూ బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయాలి. గ్రైండర్, కూరగాయలు తరిగే మెషీన్ కడిగేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి.

మీకు విరేచనాలు, వాంతులు, కామెర్లు, చేతి మీద చీము పట్టిన గాయం ఉంటే వంటశాలలోకి వెళ్లకండి. విరేచనాలు తగ్గాక కూడా రెండు రోజులు ఆగాలి. అటెండెన్స్ పోతుందని మాత్ర వేసుకుని వచ్చేవాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అందుకే చేరేటప్పుడే, ఆరోగ్యం బాగాలేని రోజులను తర్వాత పూడ్చుకునే వీలు అడిగి పెట్టుకోవాలి.

మాస్టర్‌తో మాట్లాడే తీరు కూడా జాగ్రత్తే. ఆయన పాతికేళ్లుగా వండుతుంటాడు, మీరు నిన్న వచ్చారు. పదిమంది ముందు థర్మామీటర్ గుచ్చి "ఇది పనికిరాదు" అంటే ఆ రోజు నుంచి మీకు ఉల్లిపాయలే. పక్కకు వెళ్లి "మాస్టర్, ఇది ఎన్నింటికి దించారు?" అని అడగండి. చాలాసార్లు జవాబు చెప్తూ చెప్తూ ఆయనే పారబోయించేస్తాడు. పారబోయకపోతే సూపర్‌వైజర్‌కు చెప్పాలి, అక్కడ మొహమాటం పనికిరాదు.

అన్నీ చూసుకున్నా ఒక రాత్రి నలుగురైదుగురికి వాంతులు మొదలవ్వొచ్చు. అప్పుడు వంటవాళ్లకు మొదట వచ్చే ఆలోచన మిగిలినదంతా పారబోసి గిన్నెలు తోమేయడం. ఆపండి. ప్రతి వంటకంలోంచి కొంచెం శుభ్రమైన డబ్బాలో తీసి, పేరు, టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. కారణం తెలియాలంటే ల్యాబుకు అదే ఆధారం. మిగతాది వడ్డించకుండా పక్కన పెట్టి వార్డెన్‌కు చెప్పండి. పిల్లలకు ఓఆర్‌ఎస్ కలిపి ఇవ్వండి. వాంతులు ఆగకపోయినా, రక్తం కనిపించినా, మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. ఎవరెవరు ఏం తిన్నారో, ఎన్నింటికి మొదలైందో ఒక కాగితం మీద రాయించండి. వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టే పని ఇంకెవరైనా చేస్తారు, ఆ కాగితం మాత్రం మీరు రాయకపోతే ఎవరూ రాయరు.