పాప తలలో పేలు పోయాయి

మాది కడప. మూడో తరగతి పాప ఒకటే తల గోక్కుంటోంది. చెవుల వెనక పాయ తీసి చూస్తే వెంట్రుకల మొదట్లో ఈర్లు, విదిలించినా రాలవు. మా అత్తమ్మేమో తిరుమలలో గుండు కొట్టిద్దాం, మొక్కూ తీరుతుంది అన్నారు. పాప ఒకటే ఏడుపు!

డాక్టరు చెప్పినట్టు పర్మెత్రిన్ 1 శాతం లోషన్ పట్టించి, 10 నిమిషాలకు కడిగేశాను. ఈర్లు దానికి పూర్తిగా చావవు, వారం పది రోజుల్లో పొదుగుతాయి. అందుకే 9వ రోజున మళ్లీ పెట్టాలి.

అసలు పని చేసింది పేల దువ్వెనే. తడి జుట్టుకు కండిషనర్ రాసి, సన్న పాయలుగా కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వి, ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిచాను. గుడ్డ మీద పేలు లెక్కపెట్టడం పాపకు ఆటైపోయింది. కిరోసిన్ జోలికి మాత్రం పోవద్దు.

ఇప్పుడు బడికి రెండు జడలు బిగించి, రిబ్బన్లతో మడిచి కడుతున్నా. తన దువ్వెన తనే కడుక్కుంటోంది, ఎవరికీ ఇవ్వదు.