సువిశేష పంచుకోలు: ఏడు మెట్ల పద్ధతి

కొందరు కలిసి కూర్చుని సువిశేషం (బైబిల్లో యేసు జీవితం, బోధ చెప్పే భాగం) చదివి, మనసుకు తాకింది పంచుకునే ప్రార్థన ఇది. వచ్చే ఆదివారం చర్చి పూజలో చదివే సువిశేష భాగాన్నే తీసుకోండి, వేరేది వెతకనక్కర్లేదు. 8 నుంచి 12 మంది, గంట సమయం చాలు. 15 మంది దాటితే రెండు గుంపులు చేయండి, లేదంటే నలుగురే మాట్లాడతారు.

దక్షిణాఫ్రికాలోని లుమ్కో అనే కతోలిక శిక్షణ సంస్థ ద్వారా వ్యాపించిన పద్ధతి ఇది. ముందు ఒకరు సొంత మాటల్లో ప్రభువును ఆహ్వానిస్తారు. తర్వాత అధ్యాయం, వచనం చెప్పి, అందరూ పేజీ తీశాకే చదవాలి. తడబాటంతా మూడో మెట్టు దగ్గరే. మనసుకు తాకిన మాటను ఎవరికి వారు పైకి పలకాలి, అంతే. "భయపడకుడు" అనే మాటైతే దాన్నే మూడుసార్లు, మధ్యలో కాస్త ఆగుతూ. ఎవరైనా వివరణ మొదలుపెడితే నెమ్మదిగా ఆపండి. అందరూ పలికాక మొత్తం భాగం మళ్లీ చదవండి.

నాలుగోది మౌనం, 3 నుంచి 5 నిమిషాలు. గడియారం ఒక్కరే చూడాలి.

ఐదోది పంచుకోవడం. "ఈ మాట నాకు ఇలా తాకింది" అనాలి. "మనమందరం ఇలా ఉండాలి" అన్నారంటే అది ప్రసంగమే (విశ్వాస పాఠాలు నేర్పే ఉపదేశులకు ఈ అలవాటు ఓ పట్టాన పోదు). చర్చ, సలహాలు వద్దు. విన్న సొంత సంగతులు గడప దాటకూడదు. ఒక్కసారి దాటితే మళ్లీ ఎవరూ నోరు విప్పరు.

ఆరోది పని. ముందు పోయిన వారం పని ఏమైందో అడగండి. ఆపైన కొత్తది: ఉదాహరణకు, మంచాన పడ్డవారికి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) కావాలని విచారణ గురువుకు (మన చర్చి ఫాదర్‌కు) ఎవరు చెబుతారు, ఏ రోజు? పేరు రాసుకోండి. చివరగా సొంత ప్రార్థనలు, అందరికీ వచ్చిన ఒక పాట.