ఉపాధి హామీ పనులు ఊరికి నిజంగా అందాయా? తనిఖీ ఇలా చేయాలి

పథకం పేదలకు ఎంతవరకు చేరిందో మండలాఫీసు చెప్పే పనిదినాల లెక్కతో తేలదు. మస్టరు (కూలీల హాజరు పట్టీ), జాబ్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి, కూలీల నోటి మాటతో సరిచూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన సామాజిక తనిఖీ పద్ధతి ఇదే.

1. కాగితాలు తెచ్చుకోండి

ఒక పంచాయతీ, ఒక ఆర్థిక సంవత్సరం చాలు. అంతకు మించి తలకెత్తుకుంటే ఇంటింటి విచారణ మొక్కుబడిగా మారుతుంది. మస్టర్లు, ఎం-బుక్ (పనుల కొలతలు రాసే పుస్తకం), పనుల అంచనాలు, చెల్లింపుల జాబితా కావాలి. 2011 సామాజిక తనిఖీ నిబంధనల ప్రకారం తనిఖీకి 15 రోజుల ముందే అధికారులు వీటిని ఇవ్వాలి. తనిఖీకి వెళ్లేవాళ్లు ఆ పంచాయతీవాళ్లు కాకూడదు.

2. ఇంటింటికీ వెళ్లండి

పొద్దుగూకాక వెళ్తేనే మనుషులు దొరుకుతారు. మస్టరు చదివి "ఆరు రోజులు చేశావా అమ్మా?" అంటే చాలామంది అవుననే అంటారు. ముందు "ఉగాది తర్వాత ఏ కుంట తవ్వారమ్మా? మీ గ్రూపులో ఎవరెవరున్నారు?" అని అడగండి. ఆమె చెప్పింది రాసుకున్నాకే మస్టరు తీయండి. మేట్ (కూలీల గ్రూపు పెద్ద) పక్కన నిలబడితే జవాబులు మారిపోతాయి, ఆయన్ని మర్యాదగా పక్కకు పంపండి.

జాబ్ కార్డు ఇంట్లో లేదంటే ఎవరి దగ్గరుందో రాసుకోండి. చనిపోయినవాళ్ల పేర్లు, వలస పోయినవాళ్ల పేర్లు మస్టర్లో కనిపిస్తే ఆ మస్టరంతా తిరిగి చూడాలి.

పని అడిగినా దొరకనివాళ్ల పేర్లు ఏ మస్టర్లోనూ ఉండవు. అందుకే ఊరి చివరి ఇళ్లు, ఒంటరి మహిళలు, దివ్యాంగులున్న ఇళ్లు తప్పక తిరగండి. దరఖాస్తు ఇచ్చారా, రసీదు ఇచ్చారా అని అడగండి. 2005 ఉపాధి హామీ చట్టం ప్రకారం 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి రావాలి. రసీదు లేకుంటే ఆ హక్కును రుజువు చేయడం కష్టం.

3. టేపు పట్టి కొలవండి

ఫారం పాండ్ పైన 10 మీటర్ల చదరం, లోతు 2 మీటర్లు అనుకుందాం. గట్లు వాలుగా ఉండి అడుగున 6 మీటర్ల చదరమే ఉంటే తవ్వింది దాదాపు 131 ఘనపు మీటర్లు. ఎం-బుక్‌లో 10×10×2 అని 200 రాసి ఉంటే మిగతా 69 గాలిలో తవ్వినట్టే! అయితే వానలకు ఒండ్రు చేరి లోతు తగ్గి ఉండొచ్చు, కాబట్టి అడుగున చిన్న గొయ్యి తీసి గట్టి నేల తగిలేదాకా చూడండి. గోడల మీద సమదూరంలో నిలువు గాట్లు పడి ఉంటే అవి జేసీబీ పళ్లవి కావచ్చు, అంటే తవ్వింది కూలీలు కాకపోవచ్చు. ఫొటో తీయండి.

4. డబ్బు లెక్క

కూలి తక్కువ పడితే వెంటనే దొంగతనం అనుకోవద్దు. కొలతను బట్టి చెల్లిస్తారు, గట్టి నేలలో పని సాగదు. మస్టరు ముగిసిన తేదీ, ఖాతాలో పడిన తేదీ పక్కపక్కన రాయండి. 15 రోజులు దాటితే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం రావాలి. 6,000 రూపాయలు ఆ 15 రోజుల గడువు దాటి 30 రోజులు ఆలస్యమైతే 90 రూపాయలు. చిన్న మొత్తమే, కానీ ఆలస్యానికి లెక్క దొరుకుతుంది.

5. గ్రామసభ

ప్రతి అంశం కూలీ వాంగ్మూలం, సంతకం లేదా వేలిముద్రతో సభలో చదవండి, తర్వాత మండల ప్రజావేదికకు (మండల స్థాయి బహిరంగ విచారణకు) పంపండి. రికవరీ (తప్పుగా పోయిన సొమ్ము వసూలు), క్రమశిక్షణ చర్యలకు గడువు తేదీ మినిట్స్‌లో (సభ నిర్ణయాల నమోదులో) రాయించుకోండి. రాయించని చోట ఫైలు అక్కడే నిద్రపోతుంది. గడువు దాటిన మర్నాడు ఆ మినిట్స్ నకలు పట్టుకుని ఎంపీడీవో ఆఫీసుకు వెళ్లండి.