హార్డ్‌డిస్క్ కనబడని లినక్స్ – 3వ పాఠం: క్లాస్ కోడ్ చూసి దారి పట్టడం

పోయిన పాఠంలో పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ లేపి టెర్మినల్ తెరిచాం. ఇన్‌స్టాలర్ డిస్కే లేదంటోంది. బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెటప్ తెర) మాత్రం డిస్క్ పేరు, సైజు శుభ్రంగా కనిపిస్తున్నాయి. అంటే డిస్కూ కేబులూ బాగానే ఉన్నట్టు. డిస్క్‌ని నడిపే కంట్రోలర్ చిప్‌ దగ్గరే కర్నెల్ (లినక్స్ గుండెకాయ) ఆగిపోయింది. ఇక్కడికి రాగానే చాలామంది మదర్‌బోర్డు పేరు కొట్టి డ్రైవర్ కోసం నెట్టంతా గాలిస్తారు. ఆ తిప్పలు ఇప్పుడే పడొద్దు.

ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌కి హైఫన్ పెట్టి ఎన్, ఎన్, కే అక్షరాలు తగిలించి ఎంటర్ కొట్టండి. స్టోరేజ్ వరుసలో బ్రాకెట్లలో రెండు రకాల నంబర్లుంటాయి. మొదటిది నాలుగంకెల క్లాస్ కోడ్. అది 01తో మొదలైతే స్టోరేజ్ అన్నమాట. రెండోది మధ్యలో కోలన్ ఉన్న జంట: ముందు తయారీదారు నంబరు (8086 అయితే ఇంటెల్, 1022 అయితే ఏఎండీ), తర్వాత ఆ చిప్ నంబరు. కింద ‘కర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ అన్న వరుస లేకపోతే ఆ చిప్‌ని ఏ డ్రైవరూ పట్టుకోలేదు. ఫ్రీబీఎస్‌డీ (లినక్స్ లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు పీసీఐకాన్ఫ్ కమాండ్‌కి హైఫన్ ఎల్‌వీ ఇస్తే చాలు. డ్రైవర్ దొరకని పరికరం పేరు అక్కడ ‘నన్’ అని మొదలవుతుంది.

క్లాస్ కోడ్ 0106 (సాటా డిస్కుల కంట్రోలర్) ఉండి, చిప్ ఏహెచ్‌సీఐ అనే ప్రామాణిక పద్ధతిలో నడుస్తుంటే పెద్దగా టెన్షన్ లేదు. చిప్ నంబరు కర్నెల్‌కి కొత్తదైనా సరే, క్లాస్ చూసే ఏహెచ్‌సీఐ డ్రైవర్ దాన్ని పట్టుకుంటుంది.

అసలు గొడవంతా 0104తోనే. ఇది రెయిడ్ (చాలా డిస్కుల్ని ఒకటిగా కలిపే పద్ధతి) క్లాస్. ఒకే ఒక్క డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌ని కూడా రెయిడ్ మోడ్‌లో పెట్టి అమ్మేస్తుంటారు. అప్పుడు అదే చిప్ వేరే క్లాస్‌తో, వేరే నంబరుతో కనిపిస్తుంది. ఆ నంబరు డ్రైవర్ జాబితాలో లేకపోతే అంతే సంగతులు. ఎన్‌వీఎంఈ డిస్క్ (కొత్త రకం వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ) ఆ చిప్ వెనక దాక్కుని ఉంటే డీమెసేజ్‌లో (కర్నెల్ సందేశాలు చూపే dmesg కమాండ్) కర్నెల్ ఆ సంగతి చెప్పి, బయాస్‌లో రెయిడ్ తీసి ఏహెచ్‌సీఐ పెట్టుకోమని సలహా కూడా ఇస్తుంది. ఇంత సూటిగా చెప్పే ఎర్రర్ మెసేజ్‌లు అరుదు, తీరా దాన్ని చదివేవాళ్లే ఉండరు! ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాపుల్లో ఈ ఆప్షన్ వీఎండీ పేరుతో ఉంటుంది.

మార్చే ముందు ఒక జాగ్రత్త. విండోస్ కూడా ఉంటే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ రాసి పెట్టుకోండి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్కు పెట్టి రీస్టార్ట్ చేసి, అప్పుడు బయాస్‌లో మోడ్ మార్చండి. విండోస్ ఒకసారి సేఫ్ మోడ్‌లో లేచాక టిక్కు తీసేయండి. ఇది చేయకపోతే నీలి తెర పలకరిస్తుంది. రెండు మూడు డిస్కులతో నిజంగానే రెయిడ్ కట్టి ఉంటే మాత్రం మోడ్ జోలికి పోవద్దు.

బయాస్‌లో ఆ ఆప్షనే లేని మెషీన్లూ ఉన్నాయి. డిస్క్ సాటాది అయి, చిప్ ఏహెచ్‌సీఐ రకమేనని గట్టిగా తెలిస్తే డ్రైవర్‌కి ఆ నంబరు మనమే చెప్పొచ్చు. సిస్ ఫోల్డర్‌లో బస్, పీసీఐ, డ్రైవర్స్, ఏహెచ్‌సీఐ వరసగా దిగితే ‘న్యూ_ఐడీ’ అనే ఫైల్ ఉంటుంది. రూట్‌గా ఉండి, ఎకో కమాండ్‌తో తయారీదారు నంబరు, ఒక ఖాళీ, చిప్ నంబరు అందులోకి పంపండి. కోలన్ పెట్టకూడదు. వెంటనే డీమెసేజ్ చూస్తే డిస్క్ పేరు పడాలి. పడగానే ఫార్మాట్‌కి ఎగబడకండి. తప్పు డ్రైవర్ అంటగడితే డేటా పాడవ్వొచ్చు. ముందు రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, కొన్ని పెద్ద ఫైళ్లు చదివి, ఎర్రర్లు లేవని చూసుకోండి.

ఇక 0101, అంటే పాత ఐడీఈ (సాటాకి ముందు డిస్కులు కలిపిన పద్ధతి). 2006లో ఇంటెల్ పీ965 బోర్డులొచ్చినప్పుడు సౌత్‌బ్రిడ్జ్‌లో (డిస్కులు, పోర్టులు చూసుకునే బోర్డు చిప్) ఐడీఈ ఎగిరిపోయింది. బోర్డు కంపెనీలు జేమైక్రాన్ లాంటి విడి చిప్‌లు అతికించాయి. అప్పటి లినక్స్ సీడీతో బూట్ చేస్తే, సగం దారిలో ఇన్‌స్టాలర్ తాను లేచిన సీడీనే కనబడలేదనేది! బయాస్ ఆ చిప్‌ని చదవగలదు, కర్నెల్‌కి అది కొత్త. అలాంటి పాత పెట్టె చేతికొస్తే బూట్ వరుస (కర్నెల్‌ని లేపే ఆదేశం) చివర ‘ఏటీఏ_జెనరిక్ చుక్క ఆల్_జెనరిక్_ఐడీఈ’ విలువ 1 అని ఇవ్వండి. డిస్క్ దొరుకుతుంది, వేగానికి మాత్రం హామీ లేదు. ఈ డ్రైవర్ బయాస్ పెట్టిన మోడ్‌నే ఉంచేస్తుంది. డీమెసేజ్‌లో యూడీఎంఏ 100 అని ఉంటే సరే. పీఐఓ 4 అని కనిపిస్తే సెకనుకు 16.6 ఎంబీయే గరిష్ఠం, పైగా ప్రాసెసర్ మొత్తం డేటా మోసే పనిలోనే ఉంటుంది.

న్యూ_ఐడీలో రాసింది రీబూట్‌తో పోతుంది. రూట్ పార్టిషనే ఆ డిస్క్‌ మీద ఉంటే సిస్టమ్ అసలు లేవదు. ఆ నంబరునీ డ్రైవర్‌నీ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోకి (బూట్ మొదట్లో కర్నెల్ వాడే చిన్న ఫైల్ సిస్టమ్) ఎక్కించడం 4వ పాఠంలో. ఈలోగా మీ మెషీన్ క్లాస్ కోడ్, చిప్ నంబరు, డీమెసేజ్‌లో డిస్క్ గురించి వచ్చిన వరుసలు కాగితం మీద రాసి ఉంచుకోండి. వచ్చే పాఠంలో వాటితోనే పని.